'ఏడో ఒడ్డు' తప్పొప్పుల సభ

తూర్పు తలుపు, నమోదు 308

బయటికి వెళ్లినవారు: రాజేశం, యాంటెనా మీది ధూళి దులపడానికి. లోపలికి వచ్చినవారు: రాజేశం. తలుపు రబ్బరు: కీచుమంటోంది. మార్చమని అడిగీ అడిగీ నా నోరు నొప్పెట్టింది గానీ రబ్బరు రాలేదు.

తలుపు కాపలాదారు ఈ పుస్తకంలో రాయాల్సింది ఇంతే. అదీ తలుపు తెరిచిన రోజున మాత్రమే. కెంపుగుట్ట కమిటీవారు దీన్ని ఎన్నడూ తిరగేయరు. తిరగేస్తే రబ్బరు ఎప్పుడో మారేది. అందుకని మిగిలిన కాగితం నాదే అనుకుని రాసుకుంటున్నాను.

మా కెంపుగుట్ట అంగారకుడి ఎర్రమట్టి కింద తవ్వుకున్న ఊరు. మా తాతలు బొగ్గు బావుల్లో దిగినవాళ్లు, నేల కింద బతకడం మాకు కొత్త కాదు. బయట పీల్చే గాలి లేదు కనుక ఊరి వాకిళ్లకు రెండేసి తలుపులు. ఒకటి మూసి, మధ్య గదిలో నిలబడి, బుస్సుమనే చప్పుడు ఆగేదాకా ఆగి, అప్పుడు రెండోది తీయాలి. ఇక్కడ పుట్టిన పిల్లలు వంటింటి పరదా దాటేటప్పుడు కూడా ఒక్క క్షణం ఆగుతారు. ఎందుకు ఆగావురా అని అడిగితే వాళ్లకే తెలియదు.

ఈ రోజు సభ జరిగింది. సభ అంటే కమిటీ సభ అనుకునేరు, దానికి ఎవరు పోతారు? 'ఏడో ఒడ్డు' సభ. అది భూమి నుంచి వచ్చే సిరీస్. బొమ్మ రాదు, గొంతులూ చప్పుళ్లూ మాత్రమే. ఎక్కడో నీళ్లే నిండిన ఒక గ్రహం, దాని మీద కెప్టెన్ వకుళ ఓడ, ఇంకా ఎవరూ చూడని ఏడో ఒడ్డు కోసం వెతుకులాట. సంకేతాల గదిలో రాజేశం దాన్ని పట్టుకుని వారానికొక ఎపిసోడ్ భోజనశాలలో వినిపిస్తాడు. ఆ తరవాత మూడో రోజున తప్పొప్పుల సభ. తప్పుల పక్షంవాళ్లు లేచి ఒక తప్పు చెబుతారు. ఒప్పుల పక్షం నుంచి ఎవరో ఒకరు లేచి జవాబు చెప్పి తీరాలి. జవాబు నిలవకపోతే జనం గ్లాసులు బోర్లిస్తారు. అలా నిలిచిన తప్పును రాజేశం భూమికి, ఆ రచయితలకు పంపిస్తాడు.

తప్పుల పక్షానికి పెద్దదిక్కును నేనే. ఊళ్లో నన్ను తప్పుల సారక్క అంటారు. నా ఒక్కగానొక్క కూతురు రజిత మాత్రం ఒప్పుల పక్షం. "మా అవ్వకు తను వండుకున్న అన్నంల గూడ రాళ్లే దొరుకుతయి" అని నలుగురిలో నవ్విస్తుంది.

ఈ వారం నేను వకుళ తమ్ముడి సంగతి ఎత్తాను. ఒప్పుల పక్షాన వంటశాల కొమురెల్లి లేచాడు.

"కొమురెల్లీ, ఆ పిలగాడు ఎన్నిసార్లు నీళ్లల్ల పడ్డడు? పడ్డప్పుడల్ల తేలిండు. వాడు మనిషా, బెండా?" అన్నాను.

"అక్కా, సముద్రం నువ్వు సూసినవా? ఉప్పు నీళ్లల్ల మనిషి తేలుతడంట."

"ఉప్పుంటే తేలుతడు. రాసేటోనికి బుద్ధుంటే మునుగుతడు."

భోజనశాల గొల్లుమంది. గ్లాసులన్నీ బోర్లాపడ్డాయి. గ్లాసుల్లో చాయ్ ఉందనుకునేరు. అసలు చాయ్ కిందటి నౌకతో వచ్చింది, ఎన్నడో అయిపోయింది. ఇప్పుడు తాగేది వేయించిన సోయా గింజల నీళ్లు. అయినా దాన్ని చాయ్ అనే అంటాం.

నమోదు 311

బయటికి: సౌర పలకలు తుడిచే ఇద్దరు. లోపలికి: వారే. రబ్బరు: ఇంకేం చెప్పను.

వకుళ తమ్ముడు చచ్చిపోయాడు. నిజంగా. ఈసారి తేలలేదు. వాడు మునిగేటప్పుడు వకుళ పిలిచిన పిలుపుకు కొమురెల్లి గరిటె పట్టుకునే ఏడ్చాడు. ఊరంతా నా వైపు తిరిగి చూసింది. సారక్క తప్పు పట్టింది, భూమి సరిదిద్దుకుంది. ఎంత గర్వపడ్డానో రాసుకోవడానికి సిగ్గుగా ఉంది. అంత దూరాన ఎవరో మా మాట విని కలం దిద్దుకున్నారంటే, మేమూ మనుషుల లెక్కలో ఉన్నట్టే కదా.

ఆ సంబరం సాయంత్రానికే దిగిపోయింది. రజితను డాక్టర్ పుష్పలీల దగ్గరికి తీసుకెళ్లాను. రజిత గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోదు. చిన్నప్పుడు తెలియలేదు, ఇరవై దాటాక ముదిరింది. కిందటి ధూళికాలానికి, ఏడాదికోసారి దుమ్ము తుఫాన్లు లేచే ఆ రోజులకు, ముందే డాక్టరమ్మ చెప్పింది, ఇక్కడే కోసి కుడతాను, పదిమందిలో ఏడుగురు లేస్తారు అని. నేను సరేనన్నాను. ఆపరేషన్ బల్ల కూడా కడిగారు. సరిగ్గా అప్పుడే రాజేశం భూమి వార్త చదివి వినిపించాడు: నౌక బయలుదేరింది, అందులో కొత్త కవాటం, దాన్ని అమర్చే యంత్రం వస్తున్నాయి. యంత్రంతో చేస్తే దాదాపు అందరూ లేస్తారట. పదికి ఏడు ఎక్కడ, పదికి పది ఎక్కడ? తల్లిని, ఆగుదామన్నాను.

ఈ రోజు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"అక్కా, పిల్ల కాళ్లు వాస్తున్నయి. ఆ నౌక ఎప్పుడొస్తదో గట్టిగ కనుక్కో. ఎక్కువ రోజులు ఆగితే నేను గూడ ఏం చెయ్యలేను."

నేరుగా సంకేతాల గదికి వెళ్లాను. రాజేశం నాకు రక్తం పంచుకున్న తమ్ముడు కాదు గానీ, నా పెనిమిటి సొరంగంలో పోయిన నాటి నుంచి తోడబుట్టినవాడు లేని లోటు తెలియనివ్వని మనిషి. రజితకు మేనమామ తరవాత మేనమామ. సాయంత్రాలు దాన్ని సంకేతాల గదిలో కూర్చోబెట్టుకుని పని నేర్పేదీ వాడే.

"వస్తదక్కా," అన్నాడు, మీటలు తుడుస్తూ.

"ఎప్పుడు?"

"వస్తది."

వాడి ముఖం నాకు కనిపించలేదు. పోనీలే, పనిలో ఉన్నాడనుకున్నాను. వారం వారం 'ఏడో ఒడ్డు' వస్తుంటే నౌక మాత్రం ఎందుకు రాదు? కథలు చెప్పుకునే తీరికున్న భూమికి ఒక పెట్టె పంపే తీరిక ఉండదా?

నమోదు 316

బయటికి: ఎవరూ లేరు. తలుపు పరీక్ష కోసం నేనే తెరిచి మూశాను. అది ఎందుకో కింద రాస్తున్నాను.

ఈ వారం ఎపిసోడ్‌లో వకుళ సెలవు మీద తల్లి ఇంటికి వచ్చింది. సముద్రం ఒడ్డున చిన్న ఇల్లు. సిరీస్ మొత్తంలో నాకు ఇష్టమైన చోటు అదే. తల్లీకూతుళ్లు మాట్లాడుకుంటుంటే రజిత నా భుజం మీద తల ఆనించి వింది. అయినా తప్పుల సారక్క బుద్ధి ఎక్కడికి పోతుంది? ఏదో ఒక రాయి తగలకపోతుందా అని పొద్దున తలుపు దగ్గర కూర్చుని, పాత ఎపిసోడ్లు వినే చిన్న పెట్టెలో మళ్లీ విన్నాను. పోల్చి చూద్దామని రెండో భాగంలో వకుళ అదే ఇంటికి వచ్చిన ఎపిసోడ్ కూడా పెట్టాను.

రెండో భాగంలో తలుపు తీస్తుంది. అంతే. తీసిన మరుక్షణం సముద్రం హోరు ఇంట్లోకి వచ్చేస్తుంది, ఆమెతో పాటే. అవును మరి, అక్కడ గాలి అంతటా ఉంటుంది. ఒక్క తలుపు చాలు.

ఈ వారం ఎపిసోడ్‌లో వకుళ తలుపు తీసింది. మూసింది. బుస్సుమంది. ఆగింది. సముద్రం చప్పుడు తెగిపోయింది. తరవాత ఇంకో తలుపు తీసి "అమ్మా" అంది.

భోజనశాలలో అందరం విన్నాం. ఒక్కరికీ వింతగా అనిపించలేదు. మేమందరం అలాగే ఇంట్లోకి వస్తాం కనుక.

మొదట నాకు సంబరమే కలిగింది. దొరికింది తప్పు, కొమురెల్లి దీనికేం జవాబు చెబుతాడో చూద్దామనుకున్నాను. ఇంకోసారి విన్నాను. రెండో తలుపు చివర్లో ఒక కీచు ఉంది. మొదట సన్నగా లేచి, మధ్యలో విరిగి, మళ్లీ లేచే కీచు. లేచి వెళ్లి నా తలుపు తెరిచి మూశాను. పెట్టెలో విన్నాను. మళ్లీ తెరిచాను.

అది నా తలుపు. రోజంతా నా చెవిలో కీచుమనే దాన్ని నేను పోల్చుకోలేనా? ముంజేతి కంకణానికి అద్దమెందుకు?

భూమి మీద తయారైన సిరీస్‌లో కెంపుగుట్ట తూర్పు తలుపు ఎలా మోగింది? ఈ తలుపు దగ్గరికి వచ్చిపోయే మనిషి, చప్పుళ్లు పట్టే యంత్రం ఉన్న మనిషి, ఊళ్లో ఒక్కడే.

నమోదు 317

తలుపు తెరవలేదు. నా జాగాలో ఇంకొకరిని కూర్చోబెట్టి సంకేతాల గదికి వెళ్లాను. రూలు ప్రకారం నమోదు అక్కరలేదు, కానీ ఈ రోజుది రాయకుండా ఉండలేను.

రాజేశం ముందు రెండు ఎపిసోడ్ల తలుపు చప్పుళ్లూ వినిపించాను. "ఈ తలుపు ఎవలది రాజేశం?"

వాడు బుకాయించలేదు. లేచి, భూమి సంకేతాలు అందుకునే పెద్ద గ్రాహకం మీట తిప్పాడు. గదంతా సోయా గింజలు వేగుతున్నట్టు సన్నటి చిటపట. మాట లేదు, పాట లేదు.

"ఇగో అక్కా, భూమి. రెండు ధూళికాలాల సంది గిదే."

"ఏమైంది భూమికి?"

"తెల్వది. అక్కడ ఏమన్న అయిందో, మన చెవే చెడిపోయిందో. దులిపిన, విప్పిన, బిగించిన. పలకరిస్తనే ఉన్న. జవాబు లేదు."

వాడు చెప్పుకుపోయాడు. ఆరో భాగం సగంలో ఉండగా సంకేతం ఆగిందట. భోజనశాలలో అందరూ గ్లాసులు పట్టుకుని కూర్చున్నారట. ఈ వారం లేదు అని చెప్పడానికే వచ్చాడట, నోరు రాలేదట. పాత గొంతులన్నీ యంత్రంలో ఉన్నాయి, మాటలు రాసిస్తే ఆ గొంతులతోనే పలుకుతుంది. ఒక్క వారమే అనుకున్నాడట.

"ఎపిసోడ్ లేదని చెప్పడానికి నోరు రాలేదా? తాడిచెట్టు ఎందుకెక్కినవంటే దూడగడ్డి కోసమన్నట్టు చెప్తున్నవ్. మేం పట్టిన తప్పులు ఎటు పంపినవ్?"

"ఎటు పంపుతనక్కా. ఈ గదిలనే ఉన్నయి."

"నౌక వార్త?"

వాడు గ్రాహకం మీట ఆపేశాడు.

"రాజేశం, నౌక బయలెల్లిందన్నవ్. కవాటం వస్తుందన్నవ్. అది విని నేను కడిగిన బల్ల మీదికెల్లి బిడ్డను లేపుకొచ్చుకున్న. అది గూడ అబద్ధమేనా?"

"అబద్ధమే," అన్నాడు. ఇంకేదో చెప్పబోయి మింగాడు. "సభల చెప్పక్కా. అందరి ముందల చెప్పు. నేను కాదనను."

వాడి చెంప మీద ఒక్కటి కొట్టాను. మనిషి మీద చెయ్యి చేసుకోవడం నాకు అదే మొదలు. వాడు ఆ చెంప తడుముకోనైనా లేదు. పరాయివాడు మోసం చేస్తే తిట్టి ఊరుకుంటాం. వీడు నా ఇంటి చారు తాగి, నా బిడ్డ వాచిన కాళ్లు చూస్తూ, వస్తదక్కా అన్నాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని మా అమ్మమ్మ అనేది. నా నమ్మకమంతా అలా పుచ్చిపోయింది.

అక్కడి నుంచి డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను. నౌక రాదని ఆమెకొక్కదానికే చెప్పాను. ఆమె చాలాసేపు చేతులు కడుక్కుంది.

"ఇప్పుడు పదిమందిల నలుగురు," అంది. "అదీ ఈ వారంల చేస్తే."

నమోదు 318

బయటికి: లేరు. లోపలికి: లేరు. తలుపు తెరవకపోయినా ఈ రోజూ రాస్తున్నాను.

రజితను ఈ రోజు సభకు రావద్దన్నాను. ఆ గుండె ఈ వార్తను తట్టుకుంటుందో లేదో, ముందు ఊరికి చెప్పి, తరవాత ఇంట్లో మెల్లగా చెబుదామనుకున్నాను. అది వింటేగా? గోడ పట్టుకుంటూ వచ్చి ఒప్పుల పక్షం బల్ల మీద, ఎప్పటి చోటే కూర్చుంది. వెళ్లమని సైగ చేస్తే చూడనట్టు తల తిప్పుకుంది.

నేను లేచాను. "ఈ వారం ఒక్కటే తప్పు," అన్నాను. రెండు ఎపిసోడ్ల తలుపులూ వినిపించాను. రెండోదాని చివరి కీచు నా తూర్పు తలుపుదేనని చెప్పాను. సిరీస్ ఇక్కడే తయారవుతోందని, భూమి నుంచి రెండు ధూళికాలాలుగా మాట లేదని, నౌక లేదని చెప్పాను. ఒక ముసలాయన, ఏమన్నది, ఏమన్నది అని పక్కవాళ్లను అడుగుతూనే ఉన్నాడు. పిల్లల తల్లులు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. రాజేశం గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

పద్ధతి ప్రకారం ఒప్పుల పక్షం జవాబు చెప్పాలి. అందరూ కొమురెల్లి వైపు చూశారు.

"నా దగ్గర జవాబు లేదక్కా," అన్నాడు.

చేతులు గ్లాసుల మీదికి వెళ్లాయి.

"ఆగున్రి. జవాబు నేను చెప్త," అంది రజిత.

బల్ల మీద రెండు చేతులూ ఆన్చి లేచింది. కూర్చో బిడ్డా అన్నాను. కూర్చోలేదు.

"రాజేశం మామ రాసింది ఒక్క ఎపిసోడే. అది మంచిగ లేకుండె. అవ్వా, యాది ఉన్నదా, నువ్వే లేచి గ్లాసులు బోర్లిపిచ్చినవ్. ఆ దినం మామ ముఖం సూసి నాకు అనుమానమొచ్చింది, గదికి పోయి అడిగిన. తర్వాతియన్నీ నేను రాసినయి. వకుళ తమ్ముణ్ని ముంచింది నేనే. తలుపు చప్పుడు నేనే పట్టిన, పగటీలి నీ పక్కపొంటి కూసోని."

నా పక్కన కూర్చునేది. నిజమే. అవ్వా, నీకు తోడుంటా అని వచ్చి, చిన్న పెట్టె ఒళ్లో పెట్టుకుని, సభకు తయారవుతున్నానని చెప్పేది. బిడ్డకు నా మీద ఎంత ప్రేమ అని మురిసేదాన్ని.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. నేనే అడిగాను. "నౌక వార్త?"

"అది గూడ నేనే."

భోజనశాలలో ఒక్క గ్లాసు కదల్లేదు.

"ఎందుకే?"

"పదిమందిల ఏడుగురు లేస్తరని డాక్టరమ్మ అంటే నువ్వు ఆ ఏడుగుర్ని సూసినవ్. నాకు మిగిలిన ముగ్గురే కనవడ్డరు. నన్ను ఒక్కలన్న అడిగిన్రా? బల్ల గడిగిన్రు, దినం వెట్టిన్రు. పండుకునేది నేను గదా అవ్వా. నాకు భయమైంది. భయమైతుందంటే నువ్వు ధైర్యం చెప్పి పండవెడ్తవ్. నౌక వస్తుందంటేనే ఆగుతవని రాసిన. మామ ఎన్నిసార్లు చెప్పేస్త అన్నడో. నేనే కాళ్లు వట్టుకున్న." గాలి అందక ఆగింది. మళ్లీ అంది. "అప్పటిసంది ఇప్పటిదాక మంచిగ బతికిన. పొద్దుగాల లేస్తే రాసేదుండె. నా మాటలకు ఊరంత నవ్వింది, ఏడ్సింది. గిదే నా జవాబు."

కూర్చుంది. రాజేశం అప్పుడు ఏడ్చాడు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఊళ్లో అందరి రాతల్లో రాళ్లు ఏరిన దాన్ని, నా ఇంట్లో, నా భుజం మీద తల పెట్టుకున్న అబద్ధాన్ని పట్టలేకపోయాను. దానికి భయమైందని వింటే జాలేసింది. దానితో పాటే కోపం, ఇంత కోపం నా జన్మలో రాలేదు. నేను తల్లిని. భయమైతుందవ్వా అని ఒక్కసారి నాతో అనవచ్చు కదా. ఊరందరికీ వారానికొక ఎపిసోడ్ రాసిన పిల్ల నాకు ఆ ఒక్క మాట రాయలేకపోయిందా? నేను ధైర్యం చెప్పి పడుకోబెట్టేదాన్నే, కాదనను. అప్పుడు పదికి ఏడు ఉండేది.

జవాబు వచ్చాక అది నిలిచిందో లేదో జనం చెప్పాలి. కొమురెల్లి నా వైపు చూశాడు. అందరూ నా వైపే చూశారు. నా గ్లాసు తీసి బోర్లించాను. నా బిడ్డ చూస్తుండగానే బోర్లించాను. గోడ దగ్గర రాజేశం తన గ్లాసు బోర్లించాడు. ఇంకెవరూ ముట్టలేదు. భూమి పోయిందని విన్న అదే గంటలో కూడా వాళ్లు నా బిడ్డ పక్షానే ఉన్నారు.

నమోదు 322

బయటికి: రాజేశం, యాంటెనా దగ్గరికి. ఈసారి కమిటీవాళ్లు ముగ్గురు వాడి వెంట వెళ్లారు. లోపలికి: నలుగురూ.

సభ నుంచి వచ్చాక రజిత తనంతట తనే డాక్టరమ్మకు కబురు పంపింది. "ఇగ రాసుడు లేదు. చేపిచ్చుకుంట," అంది. ఈసారి నేను ధైర్యం చెప్పలేదు. భయమవుతోందా అని అడిగాను. అవుతోందంది. చెయ్యి పట్టుకున్నాను, పట్టుకోనిచ్చింది.

ఆపరేషన్ గది బయట ఊరు ఊరంతా కూర్చుంది. రాజేశం దూరంగా నిలబడి, "అక్కా, కూసోవాల్నా?" అని అడిగాడు. "కూసో. నాతోని మాట్లాడకు," అన్నాను. కూర్చున్నాడు. ఇంకా మాట్లాడటం లేదు.

డాక్టరమ్మ బయటికి వచ్చి ముందు నీళ్లు అడిగింది. తాగాక, లేస్తుంది అంది. నలుగురిలో ఒకతె అయింది నా బిడ్డ. కొమురెల్లి ఎగిరి గంతేస్తే తల పైకప్పుకు తగిలింది. నేను నేల మీద కూలబడి ఏడ్చాను, అది సంతోషమే.

ఈ రోజు కళ్లు తెరిచి మాట్లాడింది. ముఖం ఇంకా పాలిపోయే ఉంది. ఛాతీ మీద కట్టు. మంచం పక్కన కూర్చుని తల నిమురుతూ, నొప్పి ఉందా బిడ్డా అని అడిగాను.

నా కళ్లలోకి చూసి నవ్వింది. "లేదవ్వా. అస్సలు లేదు."

సరే బిడ్డా అన్నాను. దుప్పటి సర్ది, లేచి, డాక్టరమ్మను అడగడానికి వెళ్లాను.